మన జిల్లాకొక డాలు కావాలి

గోదావరిఖనిలో జెండా కనిపించని మలుపు లేదు. ప్రధాన చౌరస్తా నుంచి ఏ బాయి, అంటే ఏ గని, దిక్కు పోయినా రోడ్డు పక్కన సిమెంటు జెండా గద్దెలు కనబడుతూనే ఉంటాయి. ఎర్రవి, మూడు రంగులవి, గులాబీవి, కాషాయానివి. గని గేటు దగ్గరైతే ఒక్క చూపులోనే నాలుగైదు సంఘాల జెండాలు కంటబడతాయి. మే డే నాడు అన్నిటికీ కొత్త గుడ్డలు వస్తాయి. ఎండాకాలం గడిచేసరికి వాటి మీద బొగ్గు దుమ్ము పేరుకుని, దూరం నుంచి చూస్తే ఏది ఏ సంఘానిదో పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఇక్కడ పుట్టినవాళ్లకు అక్షరాల కంటే ముందే జెండాలూ గుర్తులూ వచ్చేస్తాయి. సింగరేణిలో 1998లో మొదటిసారి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నిక జరిగినప్పటి నుంచీ బస్తీలో పిల్లలు కూడా గుర్తులతోనే మాట్లాడతారు. నక్షత్రం అంటే ఏఐటీయూసీ, గడియారం అంటే ఐఎన్‌టీయూసీ, బాణం అంటే తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికలో నక్షత్రం గెలిచింది. అంతకు ముందు 2012లోనూ 2017లోనూ గెలిచింది బాణం. కంపెనీకి కూడా తనదంటూ ఒక పతాకం ఉంది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడిన తేదీ 1920 డిసెంబర్ 23. ఏటా ఆ రోజున ఏరియాల్లో సింగరేణి పతాకం ఎగరేస్తారు. దేశంలో మొదటి కేంద్ర కార్మిక సంఘమైన ఏఐటీయూసీ కూడా ఆ ఏడాదే, అక్టోబర్ 31న బొంబాయిలో పుట్టింది. కంపెనీ, కార్మిక సంఘం ఒకే ఈడువి అన్నమాట.

సంఘానికి జెండా ఉంది, కంపెనీకి ఉంది, పార్టీకి ఉంది, రాష్ట్రానికి చిహ్నం ఉంది. ఈ నేలకు, అంటే రామగుండానికి, గోదావరిఖనికి, వాటిని కలుపుకున్న పెద్దపల్లి జిల్లాకు మాత్రం తనదని చెప్పుకునే గుర్తు ఒక్కటీ లేదు. జర్మనీ బొగ్గు ప్రాంతాల గురించి చదువుతున్నప్పుడు ఈ లోటు నాకు గట్టిగా తగిలింది.

జర్మనీలో లాండ్‌క్రైస్ అని మన జిల్లాల వంటివి 294 దాకా ఉన్నాయి. పెద్ద నగరాలను విడిగా ఉంచి, చిన్న పట్టణాలనూ పల్లెలనూ కలిపి ఒక్కో లాండ్‌క్రైస్ చేస్తారు. ఒక్కొక్కదానికీ ఒక డాలు గుర్తు, దాన్ని బట్టి ఒక జెండా ఉంటాయి. జిల్లా సరిహద్దు దాటగానే రోడ్డు పక్కన పలకమీద ఆ డాలు కనిపిస్తుంది. దానిమీద బొమ్మలు ఊరికే పడవు. ఒకప్పుడు మైన్జ్ ఆర్చిబిషప్పు ఏలిన చోట తెల్లని బండి చక్రం ఉంటుంది. ఏదో ఒక ప్రభువంశం ఏలిన చోట వాళ్ల సింహమో గద్దో ఉంటుంది. నది పారే చోట ఒక అలల పట్టీ, గోధుమ పండే చోట కంకులు ఉంటాయి. 1970 ప్రాంతంలో పశ్చిమ జర్మనీలోనూ, రెండు జర్మనీలూ కలిశాక 1990ల్లో తూర్పునా జిల్లాలను కలిపి, విడదీసి, హద్దులు మార్చారు. అప్పుడు కొత్త జిల్లాలన్నీ కూర్చుని తమ డాలు మీద ఏం ఉండాలో తేల్చుకున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించాక అది చట్టబద్ధమైంది. మన దగ్గర 2016 అక్టోబర్ 11న కరీంనగర్ నుంచి పెద్దపల్లి విడిపోయింది. కలెక్టరేట్ వచ్చింది, పోలీస్ కమిషనరేట్ వచ్చింది, హద్దురాళ్లు పడ్డాయి. డాలు మాట మాత్రం ఎవరికీ తోచలేదు.

అక్కడి గని జిల్లాల డాళ్ల మీద ఒక గుర్తు మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు. చూడటానికి రెండూ సుత్తుల్లాగే ఉంటాయి గానీ నిజానికి ఒకటి సుత్తి, ఇంకొకటి పిడి ఉన్న ఉలి. పాతకాలపు గనికార్మికుడు ఎడమచేత్తో ఉలిని రాతి మీద ఆనించి, కుడిచేత్తో సుత్తితో దాని నెత్తిన కొట్టేవాడు. మందుగుండు రాకముందు బండను అట్లా పిసరు పిసరుగా పగలగొట్టారు. ఆ రెండు పనిముట్లే గనికి గుర్తయ్యాయి. దేశదేశాల పటాల్లో నేటికీ గని ఉన్నచోట ఈ గుర్తు వేస్తారు. దాన్నే తలకిందులుగా వేస్తే ఆ గని మూతబడిందని అర్థం.

2018 డిసెంబర్ 21న రూర్ ప్రాంతంలోని బోట్రాప్ పట్టణంలో ప్రాస్పర్ హానియల్ గని మూతబడింది. జర్మనీలో చివరి నల్లబొగ్గు గని అది. ఆఖరిసారి కిందికి దిగిన కార్మికులు ఒక బొగ్గుపెళ్లను పైకి తెచ్చి దేశాధ్యక్షుడు స్టైన్‌మయర్ చేతిలో పెట్టారు. తరతరాల పని ఆ ఒక్క పెళ్లతో ముగిసింది. పటాల్లో సుత్తులు తలకిందులయ్యాయి. డాళ్ల మీద సుత్తులు మాత్రం నిటారుగానే ఉన్నాయి. బొగ్గు తవ్వకం ఆగిపోయినా, మేం బొగ్గు తవ్వినవాళ్లం అన్న మాటను ఆ ఊళ్లు తుడిచేసుకోలేదు. గుర్తు ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే నేను చూపేది దీన్నే.

డాలు, జెండా అనగానే ఇదంతా తెల్లదొరల వ్యవహారమని కొందరనుకుంటారు. అది సరికాదు. యూరపులో 12వ శతాబ్దంలో ముఖం కప్పేసే ఇనుప టోపీల వల్ల యుద్ధంలో ఎవరు ఎవరో తెలియక డాళ్ల మీద బొమ్మలు వేసుకున్నారని చెబుతారు. ఆ తర్వాతి నూరేళ్లకే నెల్లూరులో కూర్చుని తిక్కన విరాటపర్వంలో అదే పని చేశాడు. ఉత్తర గోగ్రహణంలో కౌరవసేనను చూసి ఉత్తరుడికి కాళ్లు వణుకుతాయి. ఎదురుగా ఉన్న మహావీరులు ఎవరెవరో అర్జునుడు అతనికి చెప్పాలి. అంత దూరం నుంచి ముఖాలు కనబడవు. అందుకని జెండాల మీది గుర్తులు చూపి చెబుతాడు. ద్రోణుడికి బంగారు వేదిక, అశ్వత్థామకు సింహపు తోక, కృపుడికి ఎద్దు, కర్ణుడికి శంఖం, దుర్యోధనుడికి పాము, భీష్ముడికి తాటిచెట్టు. ఒక్క సీసంలో ఆరుగురినీ నిలబెట్టాడు. తెలుగు బడిలో చదువుకున్న చాలామందికి ఆ పద్యం నేటికీ నోటికి వస్తుంది. గుర్తును చూసి మనిషిని తెలుసుకోవడం మనకు అరువు విద్య కాదు.

నేలమీద ఏలినవాళ్లకూ గుర్తులున్నాయి. కాకతీయులది వరాహం. ఆసఫ్‌జాహీలది పసుపు జెండా, దాని మధ్య తెల్లని గుండ్రటి కుల్చా రొట్టె. మొదటి నిజాంకు ఒక సూఫీ గురువు పసుపు గుడ్డలో కుల్చాలు కట్టి ఇచ్చాడనీ, ఆకలిమీద అతను ఏడు తిన్నాడనీ, అందుకే అతని వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు అన్నాడనీ ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదో గానీ, రాజ్యం జెండా మీద రొట్టె ఉండటం నాకు ఎప్పుడూ బాగా నచ్చుతుంది. సంస్థానాధీశులకు యూరపు తరహా డాళ్లు వచ్చింది మాత్రం బ్రిటిష్ వాళ్ల చేతిమీదుగానే. 1877 ఢిల్లీ దర్బారు కోసం రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి వాటిని గీశాడు. పట్టు జెండాల మీద కుట్టించి రాజులకు పంచారు. తనది కాని చెయ్యి గీసిన గుర్తును నెత్తిన మోయడం ఎంత వెలితో ఆ రాజులకు తెలిసిందో లేదో.

ఎల్లందు దగ్గర 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గును కనిపెట్టినప్పుడూ, 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టి తవ్వకం హక్కులు పొందినప్పుడూ ఇక్కడ ఎగిరింది నిజాం జెండానే. మా గోదావరిఖనిలో బొగ్గు తీయడం మొదలయ్యేసరికి ఆ జెండా దిగిపోయి పదేళ్లు దాటింది. అందువల్ల మా ఊరు రాజుల గుర్తు ఏదీ ఎరగదు. ఇది కార్మికుల జెండాలతో పుట్టిన ఊరు. కార్మికులు ఎర్రజెండాను తమదిగా మొదట ఎత్తింది కూడా ఒక బొగ్గు ప్రాంతంలోనేనని చెబుతారు. అది 1831లో వేల్స్ దేశపు మెర్థర్ టిడ్విల్‌లో జరిగింది. బొగ్గూ ఇనుమూ తీసే ఆ పట్టణంలో జీతాల కోతకు తిరగబడ్డ జనం ఒక గుడ్డను దూడ రక్తంలో ముంచి ఎగరేశారట.

జెండాల పంచాయతీ చిన్నదని తీసిపారేయకూడదని 2024లో మనమంతా చూశాం. తెలంగాణ రాజముద్రను 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించారు. కాకతీయుల కళాతోరణం, దాని మధ్య చార్మినార్, పైన మూడు సింహాలు. దాన్ని మార్చాలని ప్రభుత్వం అనుకుంది, చిత్రకారుడు రుద్ర రాజేశం కొత్త నమూనాలు గీశారు. తోరణాన్నీ చార్మినార్‌నూ తీసేస్తారన్న మాట రాగానే వరంగల్ నుంచీ హైదరాబాద్ నుంచీ పెద్దఎత్తున అభ్యంతరాలు లేచాయి. చివరికి ఆ జూన్ 2న కొత్త ముద్రను ప్రకటించకుండా ఆగారు. ఆ గొడవను చాలామంది అనవసరమన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. తన గుర్తును తీసేస్తే ఊరు ఊరుకోలేదు, అదే ప్రాణం ఉన్న ఊరి లక్షణం. నా బాధ వేరు. వరంగల్ తన తోరణం కోసం కొట్లాడింది, హైదరాబాద్ తన మీనార్ కోసం కొట్లాడింది. బొగ్గు నేల తరఫున కొట్లాడటానికి ఆ ముద్రలో మొదటి నుంచీ ఏమీ లేదు. దీపం వెలిగించేది మేం, ముద్రలో లేనిది మేం.

జెండా గురించి నాకు లోతుగా తెలిసింది చౌరస్తాలో కాదు, ఓపెన్‌కాస్టు గనిలో. వంద టన్నుల డంపర్ పక్కన జీపు నిలబడితే, అంత ఎత్తున కూర్చున్న ఆపరేటర్‌కు అది కనబడదు. చక్రమే మనిషి కంటే ఎత్తు. అందుకే ఓపెన్‌కాస్టులో తిరిగే చిన్న బండ్లకు పొడవాటి ఊచ కట్టి, దాని చివర ఒక జెండా పెడతారు. ఆపరేటర్‌కు జీపు కనబడదు, దాని మీద ఊగే ఆ గుడ్డముక్క కనబడుతుంది. అది కనబడింది కాబట్టే బ్రేకు పడుతుంది. బ్లాస్టింగ్ వేళైతే సైరన్ మోగుతుంది, ఎర్రజెండాలు పట్టుకున్న మనుషులు దారులన్నిటి మీదా నిలబడి ఎవరినీ ముందుకు పోనివ్వరు. అంతా అయ్యాక, మళ్లీ సైరన్ మోగాక గానీ ఆ జెండా దించరు. ఏ నాయకుడూ ఆవిష్కరించని ఆ జెండాలు రోజూ ప్రాణాలు కాస్తున్నాయి. జెండాకు మొదటి పని తిక్కన చెప్పినదే. ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు, చూసుకో అని చెప్పడం.

మా బాపు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, టబ్బులు నింపి బతికిన తరం ఆయనది. గేట్ మీటింగు ఏదైనా వినేవాడు, చందా అడిగితే కాదనేవాడు కాదు. నువ్వు ఏ జెండా బాపూ అని ఒకసారి అడిగిన. "బయట ఉన్నంతసేపే జెండారా. లోపలికి పోయినంక దీపమే. నా దీపం ఆరితే పక్కోడి దీపం పట్టుకునే నడిచొస్తం, ఆడు ఏ యూనియన్ అని అడుగుతమా?" అన్నడు.

ఆయన సంఘాన్ని తక్కువ చేసి మాట్లాడలేదు. షిఫ్టుకు ఎనిమిది గంటలు, జీతానికి ఒప్పందం, దెబ్బ తగిలితే పరిహారం, ఇవన్నీ ఆ జెండాల కిందే వచ్చాయని ఆయనకు బాగా తెలుసు. తన సంఘం నాయకుడు చనిపోతే పాడె మీద ఎర్రగుడ్డ కప్పడానికి ముందు నిలబడేవాడు. కానీ ఒక్క సంఘం జెండా మొత్తం ఊరిని కప్పలేదని కూడా ఆయనకు తెలుసు.

2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. నీళ్లు సంఘాలను చూడవు. ఆ రోజు ఈ ఊరు ఏ జెండా కింద దుఃఖపడాలి? సంఘాల జెండాలు వేటికవి కిందికి దిగాయనుకుందాం. ఊరంతటి జెండా అంటూ ఒకటి ఉండి ఉంటే, అది సగం కర్ర దాకా దిగినప్పుడు ఎవరి కొడుకని చూడకుండా అందరి కొడుకుల కోసం దిగేది. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు మాత్రం ఊరంతా ఒకటై నిలబడింది. సింగరేణిలో నెలకు పైగా బొగ్గు ఆగింది. రంగురంగుల జెండాలు ఒకే గేటు ముందు, ఒకే మాట మీద నిలబడ్డాయి. తెలంగాణ వచ్చింది. జెండాలు మళ్లీ ఎవరి గద్దెకు అవి చేరాయి. అది సహజమే, తప్పు పట్టను. ఆ కలయికకు గుర్తుగా ఏదైనా మిగిల్చుకోలేకపోయామనేదే నా విచారం.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. డాలు ఉంటే దాని మీద ఏముండాలి?

అడగ్గానే ఎవరైనా చెప్పేది పొగగొట్టం. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, గోదావరి వంతెన మీద నుంచే కనబడే ఆ గొట్టాలు. నేను వద్దంటాను. పొగగొట్టం శాశ్వతం కాదు. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బీ థర్మల్ స్టేషన్ యాభై ఏళ్ల పైచిలుకు పనిచేసి ఆగిపోయింది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం 1999లో మూతబడి, కాలనీ బోసిపోయి, ఇరవై ఏళ్ల పైనే గడిచాక ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో 2021లో మళ్లీ నడిచింది. పైగా ఆ గొట్టం నుంచి రాలే బూడిద పీల్చే పల్లెల వాళ్లను, దాన్నే మీ గుర్తుగా మోయమని అడగడం అన్యాయం.

రామగిరి ఖిల్లా పెట్టాలని చరిత్ర ఇష్టపడేవాళ్లు అంటారు. అది గట్టి మాటే. ధూళికట్ట ఇంకా గట్టిది. మన జిల్లాలోనే ఉన్న ఆ బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన ముచిలింద నాగు శిల్పం అపురూపం. ఐదు పడగలు విప్పి కాపాడుతున్న ఆ నాగు కింద బుద్ధుడి రూపం ఉండదు. జర్మనీ వాళ్ల దగ్గర ఇటువంటిది ఉంటే తప్పకుండా డాలెక్కించేవాళ్లు. మంథని వేదపండితుల ఊరు, ఓదెల మల్లన్న ఉన్న నేల, ఇవన్నీ పోటీకి వస్తాయి. అన్నిటినీ నాలుగు గదులు చేసి సర్దితే చూడటానికి పెళ్లి శుభలేఖలా తయారవుతుంది. డాలుకు ఒక పాత నియమం ఉంది. దూరం నుంచి, ఒక్క చూపులో, చిన్నపిల్లవాడికి కూడా తెలియాలి. అందుకే పసుపు, తెలుపు ఒక జట్టు. నలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఇంకో జట్టు. ఒక జట్టు రంగు మీద ఇంకో జట్టు రంగే వేయాలి. నలుపు మీద నీలం వేస్తే కలిసిపోతుంది, పసుపు వేస్తే మెరుస్తుంది.

ఇంకో మంచి పద్ధతి కూడా ఉంది. డాలుకు అసలు ప్రతి బొమ్మ కాదు, మాట. దాని వర్ణన రెండు మూడు వాక్యాల్లో రాసి ఉంటుంది. ఆ వర్ణన చదివి ఏ చిత్రకారుడైనా తనకు వచ్చినట్టు గీయవచ్చు, గీత తేడా ఉన్నా డాలు మాత్రం అదే. ఇది మన శిల్పులకు కొత్త కాదు. ధ్యానశ్లోకం విని స్థపతి విగ్రహం చెక్కినట్టే ఇది. ఏ చేతిలో ఏముందో, వాహనమేదో శ్లోకం చెబుతుంది, ముఖంలో కళ శిల్పిది.

సుత్తీ ఉలీ తెచ్చి పెట్టడం నాకిష్టం లేదు. అవి వాళ్ల చేతి పనిముట్లు. మన చేతివైతే తట్టా చెమ్మస్. కానీ యంత్రాలు వచ్చి ఆ పని పోయింది, మనుషులూ తగ్గారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. తట్టా చెమ్మస్ చూడని పిల్లలే ఇప్పుడు కాలనీల్లో పెరుగుతున్నారు. అప్పుడూ ఇప్పుడూ మారనిది దీపం. బాయిలోకి దిగే ముందు ల్యాంప్ రూమ్‌లో తీసుకునేది, నెత్తికి పెట్టుకుని దిగేది, ఎక్కాక తిరిగి అప్పజెప్పేది. ప్రతి దీపానికీ ఒక నంబరు. షిఫ్టు అయిపోయాక దీపం వెనక్కి వచ్చిందంటే మనిషి వచ్చాడు. ఆ స్టాండులో ఒక గడి ఖాళీగా మిగిలిందంటే ల్యాంప్ రూమ్ మనిషి గుండె ఆగినంత పనవుతుంది. కోల్ ఫిల్లర్‌కూ సర్దార్‌కూ ఓవర్‌మెన్‌కూ మేనేజర్‌కూ ఉండేది ఆ దీపమే. అది ఏ సంఘానిదీ కాదు.

దీపంతో పాటు ఒక ఆకు కావాలి. ఇది నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన గుర్తు.

బొగ్గు పొరల పక్కన ఉండే పలకరాయిని చీలిస్తే ఒక్కోసారి దానిమీద ఆకు అచ్చు కనబడుతుంది. నాలుక ఆకారంలో, మధ్యలో ఒక గట్టి ఈనె, దాని నుంచి వల అల్లినట్టు సన్నటి ఈనెలు. దాని పేరు గ్లోసోప్టెరిస్. 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవుల ఆకు అది. ప్రాణహిత గోదావరి లోయలో ఆ అడవులు కూలి, బురదలో కూరుకుని, వాటి మీద ఇసుక పొరలు పడి బొగ్గయ్యాయి. ఇదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో, చివరికి మంచు ఖండం అంటార్కిటికాలో కూడా దొరికింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర, ప్రాణం పోతున్నా వదలకుండా మోసిన 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలో ఈ ఆకు అచ్చులున్నాయి. ఇన్ని ఖండాల్లో ఒకే ఆకు ఉండటం చూసే ఇవన్నీ ఒకప్పుడు ఒకే నేల అని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మహాఖండానికి పెట్టిన పేరు గోండ్వానా. గోండుల నేల పేరు అది. గోదావరి దాటి ఉత్తరానికి పోతే ఆసిఫాబాద్, ఉట్నూరు దాకా గోండు గూడేలే. భూగోళం పాత చరిత్రకు మన పొరుగువాళ్ల పేరు ఉంది, దానికి సాక్ష్యం మన బాయిలో ఉంది. మనం మాత్రం దాన్ని టిప్పర్లలో పోసి మట్టిదిబ్బల మీద పారేస్తున్నాం.

ఆ ఆకు ఏ రాజుదీ కాదు, ఏ కులానిదీ మతానిదీ కాదు. మనుషులు పుట్టకముందు నుంచీ ఇక్కడ ఉంది. బొగ్గు అయిపోయినా దాని అచ్చు ఉంటుంది. ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊళ్ల వాళ్లు కూడా, మా గుడీ మా చింతచెట్టూ పోయాయి గానీ ఈ గుర్తులో మా నేల ఉందని అనుకోగలిగే బొమ్మ అది ఒక్కటే. ఎందుకంటే అది వాళ్ల చేను కిందిదే.

కాబట్టి నా వర్ణన ఇది. నల్లని డాలు. మధ్యలో నిలువుగా ఒక పసుపుపచ్చ గ్లోసోప్టెరిస్ ఆకు, ఈనెలు కనబడేట్టు. పైన కుడిమూల తెల్లని బాయి దీపం. అడుగున అంచు నుంచి అంచుకు గోదావరికి గుర్తుగా ఒక తెల్లని అల. పేర్లు, నినాదాలు, ఏ మనిషి ముఖమూ ఉండవు. జెండా అయితే నిలువుగా రెండు పట్టీలు, నలుపూ పసుపూ, మధ్యలో ఈ డాలు. చేతనైనవాళ్లు దీన్ని నాకంటే బాగా గీస్తారు. నచ్చనివాళ్లు ధూళికట్ట నాగును పెట్టి ఇంకో వర్ణన రాస్తారు. రాయాలి కూడా. వరంగల్, హైదరాబాద్ చేసినట్టు మనమూ ఒక గుర్తు కోసం గట్టిగా వాదించుకుంటే ఊరికి మేలే.

మంచిర్యాల, భూపాలపల్లి, కొత్తగూడెం, ఆసిఫాబాద్ కూడా బొగ్గు జిల్లాలే. వాళ్ల డాలు వాళ్లు తేల్చుకోవాలి. ఆకు మాత్రం అందరిదీ కాబట్టి, వాళ్లూ వాడుకుంటే నాకు సంతోషం.

ఇది పైనుంచి ఉత్తర్వుగా వస్తే ఎవరూ తమది అనుకోరు, ఢిల్లీ దర్బారులో పంచిన పట్టు జెండాల్లాగే మిగిలిపోతుంది. అడిగి తేవాలి. రామగుండం కార్పొరేషన్, జిల్లా పరిషత్తు కలిసి బడులకు ఒక పిలుపునిస్తే చాలు, మొదటి నమూనాలు పిల్లలు గీస్తారు. సంఘాలు తమ గేట్ మీటింగుల్లో ఒక పూట దీనికి ఇవ్వాలి. గనులు నడుస్తుండగానే, తట్టా చెమ్మస్ పట్టిన చేతులు ఇంకా మన అరుగుల మీద ఉండగానే ఈ పని జరగాలి. ఈ వ్యాసం చదివినవాళ్ల ఇంట్లో బాయి పని చేసి దిగిపోయిన పెద్దలుంటే, మన జిల్లా డాలు మీద ఏముండాలో వాళ్లను ఈ రోజే అడగండి. వాళ్లు చెప్పింది రెండు వాక్యాల్లో కాగితం మీద రాసి, మీ వార్డు కార్పొరేటర్ చేతిలో పెట్టండి.